400 మంది పిల్లలున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌ను ఎవరు నడుపుతారు? ఇల్లు కొనేముందు ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారు. పాప సెప్టెంబర్‌లో నాలుగో తరగతికి వెళ్తుంది. బాబుకు మూడేళ్లు నిండాయి, మాటలు ఇంకా సరిగా రాలేదు. హంటర్‌డన్ కౌంటీలో ఒక చిన్న ఊళ్లో ఇల్లు నచ్చింది. అక్కడ కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా ఊరికి సొంత డిస్ట్రిక్ట్ ఉంది, మొత్తం 400 మంది పిల్లలు. బడులకు మార్కులు వేసే గ్రేట్‌స్కూల్స్ వెబ్‌సైట్‌లో రేటింగ్ పదికి 6. "9 ఉన్న చోట కొనకుండా 6 ఉన్న చోటికి పోతారా?" అని స్నేహితులు టెన్షన్ పెడుతున్నారు. ఇంత చిన్న డిస్ట్రిక్ట్‌ను ఎవరు నడుపుతారు, పిల్లలు తక్కువైనా పన్ను ఎందుకంత ఎక్కువ, ఆ 6ను నమ్మాలా, బాబు సంగతి ఏం చేయాలి అని అడిగారు.

నేను న్యూజెర్సీలో సరిగ్గా ఇలాంటి డిస్ట్రిక్ట్‌లోనే రెండు టర్ములు, అంటే 2017 జనవరి నుంచి ఆరేళ్లు, స్కూల్ బోర్డు సభ్యుడిగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఫైనాన్స్ కమిటీలో ఉన్నాను. పిల్లల విషయాలు ఉన్నాయి కాబట్టి మా ఊరి పేరు చెప్పను. ఇంటి అప్పు 30 ఏళ్లది, మీ పిల్లల చదువు అంతకంటే పెద్దది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డిస్ట్రిక్ట్ అనే మాట సంగతి. మనకు జిల్లా అనగానే కలెక్టరు, డీఈఓ, వందల బడులు గుర్తొస్తాయి. ఇక్కడ అలా కాదు. న్యూజెర్సీలో 21 కౌంటీలు, 564 మున్సిపాలిటీలు ఉంటే స్కూల్ డిస్ట్రిక్ట్‌లు దాదాపు 600. ఒకటో రెండో బడులున్న డిస్ట్రిక్ట్‌లు చాలా ఉన్నాయి. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన జీతం ట్రెజరీ నుంచి వచ్చేది, బదిలీ ఆర్డరు డీఈఓ ఆఫీసు నుంచి వచ్చేది. బడి ఊళ్లో ఉన్నా దాని పగ్గాలు ఊరి చేతిలో ఉండేవి కావు. ఇక్కడ దాదాపు తలకిందులు. టీచరును తీసుకునేది, జీతం ఒప్పందం కుదుర్చుకునేది, ఆ జీతం కోసం పన్ను వేసేది అంతా ఆ ఊరి స్కూల్ బోర్డే. పెన్షన్ మాత్రం రాష్ట్రం చూసుకుంటుంది.

బోర్డులో సాధారణంగా తొమ్మిది మంది ఉంటారు. కొన్ని చిన్న ఊళ్లలో ఏడుగురో ఐదుగురో ఉంటారు. టర్ము మూడేళ్లు. జీతం లేదు. మా బోర్డులో ఒక రిటైర్డ్ నర్సు, ఒక ప్లంబింగ్ కాంట్రాక్టర్, ఇద్దరు అకౌంటెంట్లు, ఒక రైతు ఉండేవారు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. బోర్డు ఏం చేయకూడదో రాష్ట్ర నైతిక నియమావళిలోనే రాసి ఉంది. స్కూళ్లను నడపడం మీ పని కాదు, అవి బాగా నడుస్తున్నాయో లేదో చూడడం మీ పని అని దాని సారం. విధానాలు, బడ్జెట్, సూపరింటెండెంట్ (డిస్ట్రిక్ట్ మొత్తానికి పెద్ద అధికారి) నియామకం బోర్డువి. రోజువారీ పని సూపరింటెండెంట్‌ది. టీచర్ల నియామకాలకైనా ఆయన సిఫారసు చేస్తేనే బోర్డు ఓటు వేస్తుంది. ఒక సభ్యుడికి ఒంటరిగా ఏ అధికారమూ లేదు. మీటింగ్‌లో చెయ్యెత్తి ఓటు వేసినప్పుడే అతని మాటకు విలువ.

ఇది మనవాళ్లకు మింగుడుపడటం కష్టం. నేను గెలిచాక తెలిసినవాళ్లు ఫోన్ చేసి "అన్నా, మా వాడిని ఆ టీచర్ క్లాసులో నుంచి మార్పించు" అనేవారు. నేను చేయలేను. చేస్తే తప్పు కూడా. ముందు టీచరుతో, తర్వాత ప్రిన్సిపాల్‌తో, ఆ తర్వాత సూపరింటెండెంట్‌తో మాట్లాడాలి. అక్కడా పని కాకపోతేనే బోర్డుకు రాయాలి. ఈ వరుస పాటించిన తల్లిదండ్రులకు పనులు త్వరగా జరగడం నా కళ్లతో చూశాను.

చిన్న డిస్ట్రిక్ట్‌లో ఒక మనిషి రెండు మూడు కుర్చీల్లో కూర్చుంటారు. సూపరింటెండెంటే ప్రిన్సిపాల్ కావచ్చు. బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ అని ఒకరుంటారు. డబ్బు లెక్కలు, బస్సుల కాంట్రాక్టులు, భవనాల మరమ్మతులు, బోర్డు మినిట్స్ (మీటింగ్‌లో జరిగినదాని రికార్డు) అన్నీ ఆ ఒక్కరివే. కొన్నిచోట్ల ఆ ఒక్కరిని కూడా పక్క డిస్ట్రిక్ట్‌తో పంచుకుంటారు. నా అనుభవంలో చిన్న డిస్ట్రిక్ట్ ఆరోగ్యం ఈ ఇద్దరి మీదే సగం ఆధారపడి ఉంటుంది. మా దగ్గర మంచి బిజినెస్ అడ్మినిస్ట్రేటర్ వెళ్లిపోయిన ఏడాది ఒక గ్రాంట్ గడువు దాటిపోయింది, ఆడిట్‌లో రెండు లోపాలు వచ్చాయి. పెద్ద డిస్ట్రిక్ట్‌లో అయితే ఆ సీటు వెనక ఇంకో నలుగురు ఉండేవారు. కాబట్టి మీరు చూస్తున్న ఊళ్లో గత పదేళ్లలో ఎంతమంది సూపరింటెండెంట్లు మారారో తెలుసుకోండి. ఇద్దరైతే ఫర్వాలేదు. నలుగురైదుగురు మారి ఉంటే కారణం అడగాల్సిందే.

ఇప్పుడు డబ్బు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

న్యూజెర్సీలో సగటు ఇంటి పన్ను 2024లో 10,000 డాలర్లు దాటింది. అందులో సగానికి పైగా స్కూళ్లకే పోతుంది. స్కూళ్ల లెక్క జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. సాధారణంగా ఫిబ్రవరి చివర్లో గవర్నరు బడ్జెట్ ప్రసంగం చేస్తారు. ఒకటి రెండు రోజుల్లో ఏ డిస్ట్రిక్ట్‌కు రాష్ట్ర సాయం ఎంతో తెలుస్తుంది. మార్చిలో బోర్డు ముసాయిదా బడ్జెట్ ఆమోదించి కౌంటీ ఆఫీసుకు పంపుతుంది. ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో బహిరంగ విచారణ పెట్టి ఖరారు చేస్తారు. ఒకప్పుడు ఏప్రిల్‌లో ఊరంతా బడ్జెట్ మీద ఓటు వేసేది. 2012లో వచ్చిన చట్టంతో చాలా డిస్ట్రిక్ట్‌లు బోర్డు ఎన్నికలను నవంబర్‌కు మార్చుకున్నాయి. అలా మార్చుకున్న చోట, పన్ను పెంపు పరిమితి లోపల ఉంటే బడ్జెట్ మీద ఓటు ఉండదు.

ఆ పరిమితి 2 శాతం. 2010లో చేసిన చట్టం ప్రకారం స్కూలు పన్ను వసూలు మొత్తం ఏటా అంతకంటే పెరగకూడదు. ఆరోగ్య బీమా ఖర్చు, పిల్లల సంఖ్య పెరగడం లాంటి వాటికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మీరు చూస్తున్నలాంటి డిస్ట్రిక్ట్ బడ్జెట్ కోటి డాలర్లు అనుకోండి. అందులో ఊరి పన్ను 85 లక్షలు. దానిలో 2 శాతం అంటే 1,70,000 డాలర్లు. జీతాలు, బీమా కలిపి బడ్జెట్‌లో 75 లక్షలు అనుకుందాం. అవి 3 శాతం పెరిగితే 2,25,000 కావాలి. కొత్త పుస్తకం ఒక్కటి కొనకముందే 55,000 లోటు. రాష్ట్ర సాయం పెరగకపోతే ఈ లోటు ప్రతి ఏడూ వస్తుంది. చివరి మెట్టు జీతంలో ఉన్న టీచరు రిటైరై, ఆ స్థానంలో కొత్తవాళ్లు తక్కువ జీతంతో చేరితే ఆ ఏడు గట్టెక్కుతుంది. ఎవరూ రిటైర్ కాని ఏడు క్లాసులో టీచరుకు సాయంగా ఉండే ఒక ఎయిడ్‌నో, స్పానిష్ టీచరు సగం రోజునో, లైబ్రేరియన్‌నో వదులుకోవాలి.

దాచుకుని పెట్టుకుందామా అంటే దానికీ హద్దు ఉంది. ఏడాది చివర మిగులు బడ్జెట్‌లో 2 శాతం లేదా 2,50,000 డాలర్లు, ఏది ఎక్కువైతే అంతవరకే అట్టిపెట్టుకోవచ్చు. ఆపైన మిగిలింది పన్ను తగ్గించడానికి వాడాలి. భవనాలకు, నిర్వహణకు విడి నిధులు పెట్టుకోవచ్చు. తెలివైన బోర్డులు ఏటా కొంత ఆ నిధుల్లో వేస్తాయి. పైకప్పు కారినప్పుడు ఎవరు వేశారో, ఎవరు వేయలేదో తెలిసిపోతుంది.

రాష్ట్ర సాయం మీద నమ్మకం పెట్టుకోవడం కష్టం. 2008 నాటి నిధుల చట్టం పిల్లల అవసరాన్ని, ఊరి స్తోమతను చూసి సాయం లెక్కగడుతుంది. కానీ పాత సాయం ఒక్కసారిగా తగ్గకుండా కొన్ని డిస్ట్రిక్ట్‌లకు అదనంగా ఇస్తూ వచ్చారు. 2018లో చట్టం మార్చి ఆ అదనాన్ని 2024-25 దాకా ఏడేళ్లలో క్రమంగా తీసేశారు. పిల్లలు తగ్గుతున్న చిన్న ఊళ్లకు ఇది గట్టి దెబ్బ. మాకూ ఏటా కోత పడింది. పిల్లలు తగ్గారుగా, ఖర్చూ తగ్గాలిగా అని ఊళ్లోవాళ్లు అడిగేవారు. ప్రశ్న సరైనదే. కానీ తొమ్మిది తరగతుల్లో తలా ఇద్దరు తగ్గితే మొత్తం 18 మంది తగ్గినట్టే, ఒక్క టీచరునూ తగ్గించలేం. అదే పెరుగుదల వైపు చూడండి. క్లాసుకు 24 మంది అని పాలసీ ఉంటే 48 మందికి రెండు సెక్షన్లు చాలు. ఆగస్టులో 49వ పిల్లవాడు వస్తే మూడో సెక్షన్ కావాలి. జీతం, బీమా కలిపితే దాదాపు లక్ష డాలర్లు. మా సూపరింటెండెంట్ ఆగస్టులో ప్రతి కొత్త అడ్మిషన్‌ను తరగతివారీగా కాగితం మీద రాసుకునేవారు.

ఇంతకంటే కష్టమైన విషయం ఒకటి చెప్పాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వాళ్లకు తగిన చదువు ఇవ్వడం 1975 నుంచి దేశమంతటా చట్టం. కొందరికి ఊరి బడిలో ఆ వసతి ఉండదు. వాళ్లను బయట ప్రత్యేక పాఠశాలకు పంపాలి. ట్యూషన్ (అంటే ఆ బడి ఫీజు), బస్సు కలిపి ఏడాదికి ఒక్కొక్కరికి లక్ష డాలర్లు దాటడం మామూలే. ఒక వేసవిలో మా ఊరికి అలాంటి పిల్లలున్న రెండు కుటుంబాలు వచ్చాయి. ఆ ఏటి 2 శాతం పెంపు మొత్తం అక్కడే అయిపోయింది. అసాధారణ ఖర్చు సాయమని రాష్ట్రం ఒకటి ఇస్తుంది. ప్రైవేటు ప్రత్యేక పాఠశాల అయితే 55,000 డాలర్లు దాటిన భాగంలో 75 శాతం. కానీ చాలా ఏళ్లు అందులోనూ కోత పెట్టారు, అదీ ఆ ఏడు గడిచాక వచ్చేది.

ఆ వసంతంలో బడ్జెట్ విచారణలో ఒకరు లేచి "ఇద్దరి కోసం మా పిల్లల బ్యాండ్ క్లాసు తీసేస్తారా?" అని అడిగారు. ఆ ఇద్దరి తల్లిదండ్రులు హాల్లోనే కూర్చుని ఉన్నారు. చిన్న ఊరు కాబట్టి ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తప్పు ఆ పిల్లలది కాదు, ఆ అడిగినాయన కూతురు క్లారినెట్ నేర్చుకోవాలనుకోవడం కూడా తప్పు కాదు. ఇంత పెద్ద ఖర్చును 400 మంది పిల్లల ఊరి మీద వేసి, పైన 2 శాతం పరిమితి పెట్టడమే తప్పు. ఈ భారం రాష్ట్రమంతా పంచుకోవాలి. మా బోర్డు రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌కు ఇదే రాసింది. మీ బాబు విషయం అడిగారు కాబట్టి ఇది ముందే చెప్తున్నాను. అలాంటి మాట ఎక్కడైనా వినిపిస్తే తల దించుకోకండి. ఖర్చు ఎక్కువని చెప్పి ఏ డిస్ట్రిక్ట్ అయినా పిల్లవాడి హక్కును తగ్గించడానికి వీల్లేదు.

తొమ్మిదో తరగతి నుంచి ఏమవుతుందో చాలామంది అడగరు. కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిది దాకానే ఉన్న ఊరు రెండు రకాలు. ఒకటి, నాలుగైదు ఊళ్లు కలిసి నడిపే రీజినల్ హైస్కూల్లో భాగం కావడం. దానికి వేరే బోర్డు, వేరే పన్ను. రెండోది, పక్క డిస్ట్రిక్ట్ హైస్కూలుకు పిల్లలను పంపి ట్యూషన్ కట్టడం. ఈ రెండో పద్ధతిలో ముందు అంచనా ప్రకారం కడతారు. ఆడిట్ అయ్యాక అసలు ఖర్చు తేలి, తేడాను తర్వాతి ఏళ్లలో సర్దుతారు. మాకు ఒకసారి రెండేళ్ల కిందటి లెక్కకు పెద్ద బిల్లు వచ్చింది. అంతేకాదు, ఆ హైస్కూలు బోర్డులో మీ ఊరికి పెద్ద గొంతు ఉండదు. పంపే పిల్లలు ఆ హైస్కూల్లో కనీసం 10 శాతం ఉంటేనే ఒక ప్రతినిధి సీటు దొరుకుతుంది. మీ పాప నాలుగో తరగతి. ఐదేళ్లలో హైస్కూలు. ఇల్లు చూసేటప్పుడు ఆ హైస్కూలును కూడా ఇప్పుడే వెళ్లి చూడండి.

ఇక ఆ 6 సంగతి.

చిన్న బడిలో శాతాలు ఎలా మోసం చేస్తాయో చూడండి. ఒక ఏడు ఐదో తరగతి లెక్కల పరీక్షలో 38 మందిలో 27 మంది రాష్ట్ర ప్రమాణం అందుకున్నారు, 71 శాతం. మరుసటి ఏడు ఐదో తరగతిలో వేరే పిల్లలు. 41 మందిలో 25 మంది, 61 శాతం. వినేవాళ్లకు పది పాయింట్లు పడిపోయినట్టే. నిజానికి ఇంకో నలుగురు గట్టెక్కి ఉంటే మళ్లీ 71 వచ్చేది. ఆ నలుగురిలో ఒకరికి ఆ వారం జ్వరం, ఇంకొకరు మార్చిలో వేరే దేశం నుంచి వచ్చినవారు కావచ్చు. టీచరు అదే, పుస్తకం అదే. పెద్ద డిస్ట్రిక్ట్‌లో 600 మంది రాస్తే ఇలాంటి ఎగుడుదిగుళ్లు సర్దుకుపోతాయి. 40 మందిలో సర్దుకోవు. అందుకే ఒక్క ఏటి మార్కుతో 400 మంది బడిని తీర్పు చెప్పకూడదు.

రాష్ట్రం ఏటా ప్రతి బడికీ పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ప్రచురిస్తుంది. ఉచితం, ఎవరైనా చూడొచ్చు. అందులో రెండు చూడండి. ఒకటి, ఒకే పిల్లల గుంపు మూడో తరగతి నుంచి ఎనిమిది దాకా ఎలా నడిచిందో. 2020, 2021 వసంతాల్లో రాష్ట్ర పరీక్షలు జరగలేదు, అక్కడ ఖాళీ ఉంటుంది. రెండోది స్టూడెంట్ గ్రోత్ పర్సెంటైల్. ఇది ఒక పిల్లవాడిని, గతంలో అతనిలాగే మార్కులు తెచ్చుకున్న రాష్ట్రంలోని మిగతా పిల్లలతో పోల్చి, ఈ ఏడు ఎంత ముందుకెళ్లాడో చెప్తుంది. 50 అంటే మామూలు పెరుగుదల. మార్కుల శాతం చాలావరకు ఇంటి చదువును, ఆదాయాన్ని చూపిస్తుంది. గ్రోత్ బడి చేసిన పనిని కొంతైనా చూపిస్తుంది. డిగ్రీలున్న తల్లిదండ్రుల పిల్లలు, ట్యూషన్లకు వెళ్లే పిల్లలు నిండిన బడికి 9 రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ 9లో ఎంత భాగం బడిది, ఎంత భాగం శనివారం లెక్కల కోచింగ్‌ది అన్నది రేటింగ్ చెప్పదు. మీ పాప ఆ బడిలో చేరినా మీ ఇంటి చదువు మీతోనే వస్తుంది. రిపోర్టులో కొన్ని గడులు ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. పదిమంది కంటే తక్కువ పిల్లలున్న గుంపు అంకెలను గోప్యత కోసం చూపించరు. చిన్న బడిలో అలాంటి గడులు చాలా ఉంటాయి.

క్యూశాక్ అనే రాష్ట్ర తనిఖీ కూడా ఉంది. బోధన, ఆర్థికం, పాలన, నిర్వహణ, సిబ్బంది అని ఐదు విభాగాల్లో మార్కులు వేస్తారు. అన్నిట్లో 80 శాతం దాటితే మంచి పనితీరు అంటారు. చాలా డిస్ట్రిక్ట్‌లు దాటుతాయి కాబట్టి దాటిందంటే పెద్ద విశేషం కాదు. ఏదైనా విభాగంలో దాటలేదంటే మాత్రం ఆ కాగితం మొత్తం చదవండి.

చిన్న బడిలో బాగుండేది ఏమిటో కూడా చెప్పాలి కదా. మా అబ్బాయి ఆరో తరగతిలో ఒక్కసారిగా మాట్లాడటం తగ్గించేశాడు. మూడో రోజే సైన్స్ టీచరు ఫోన్ చేశారు. ఆమె వాణ్ని అప్పటికి రెండేళ్లుగా ఎరుగుదురు, వాడి అక్కకు కూడా చదువు చెప్పారు. ప్రిన్సిపాల్ పొద్దున గేటు దగ్గర నిలబడి పిల్లలను పేరుపేరునా పలకరిస్తారు. ఎవరూ కనపడకుండా జారిపోరు. లోటు కూడా అక్కడే ఉంది. ఆల్జీబ్రా ఒక్క సెక్షనే, దానికీ బ్యాండ్‌కీ ఒకే పీరియడ్ పడితే ఒకటి వదులుకోవాలి. ఏడో తరగతి సైన్స్ టీచరు బలహీనమైతే మారడానికి ఇంకో టీచరు లేరు. తొమ్మిదేళ్లు అదే 40 మంది. స్నేహం చెడితే పారిపోవడానికి ఇంకో గుంపు ఉండదు. మీ పాప తరగతిలో తెలుగు మాట్లాడే పిల్ల తనొక్కతే కావచ్చు. ఎడిసన్‌లో పెరిగిన పిల్లకు అది పెద్ద మార్పు. ఈ మాట తనతో ముందే మాట్లాడండి.

విలీనాల గురించి కూడా అడగండి. హంటర్‌డన్ కౌంటీలోనే ల్యాంబర్ట్‌విల్, స్టాక్టన్, వెస్ట్ ఆమ్‌వెల్ ఊళ్లు, వాళ్ల రీజినల్ హైస్కూలు కలిసి ఒకే డిస్ట్రిక్ట్ కావాలని 2013లో ఓటు వేశాయి. 2014 జూలై 1న సౌత్ హంటర్‌డన్ రీజినల్ మొదలైంది. తర్వాత కొన్నేళ్లకు స్టాక్టన్‌లోని చిన్న బడి మూతపడింది. మాన్మత్ కౌంటీలో హైలాండ్స్, అట్లాంటిక్ హైలాండ్స్ 2023లో ఓటు వేసి, 2024 జూలై 1 నుంచి హెన్రీ హడ్సన్ రీజినల్ కింద కలిశాయి. విలీనాలను ప్రోత్సహిస్తూ 2022 జనవరిలో రాష్ట్రం చట్టం కూడా చేసింది. కలిస్తే సూపరింటెండెంట్ ఖర్చు మిగులుతుంది నిజమే. కానీ జీతాల ఒప్పందాలు కలిపేటప్పుడు సాధారణంగా పైమెట్టు వైపే సర్దుతారు. ఏ ఊరు ఎంత కట్టాలన్న దగ్గర ఇళ్ల విలువ చూడాలా, పిల్లల సంఖ్య చూడాలా అని తగవు వస్తుంది. నా అభిప్రాయం అడిగితే, ఎనిమిదో తరగతి దాకా ఉన్న చిన్న ఊళ్లు తమ హైస్కూలుతో పాఠ్యప్రణాళిక పరంగానైనా కలవాలి. నాలుగు ఊళ్ల నుంచి నాలుగు రకాల లెక్కలు నేర్చుకుని తొమ్మిదిలోకి వచ్చే పిల్లలను నేను చూశాను. నష్టం పిల్లలకే. మీరు కొనే ఊళ్లో ఈ చర్చ జరుగుతుంటే మినిట్స్‌లో కనిపిస్తుంది.

అవును, మినిట్స్ చదవండి. ఇల్లు కొనే ముందు మా ఊరికి వచ్చిన మనవాళ్లలో ఒక్కరు కూడా ఆ పని చేయలేదు. బోర్డు మీటింగ్‌లు 1975 నాటి చట్టం ప్రకారం బహిరంగం. మినిట్స్, బడ్జెట్, ఆడిట్ నివేదిక డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. యూజర్ ఫ్రెండ్లీ బడ్జెట్ అని ఒక చిన్న రూపం ఉంటుంది, అందులో గత ఏళ్ల పిల్లల సంఖ్య, మిగులు నిధులు, పన్ను ప్రభావం ఉంటాయి. టాక్స్‌పేయర్స్ గైడ్ అనే రాష్ట్ర నివేదికలో ఖర్చును అదే సైజు డిస్ట్రిక్ట్‌లతో పోల్చి చూడొచ్చు. ఎనిమిదో తరగతి దాకా ఉన్న వాటిని 400 లోపు, 401 నుంచి 750, ఆపైన అని విడదీసి ఇస్తారు. 400 మంది ఊరి ఖర్చును ఎడిసన్‌తో పోల్చకండి. ఒక మీటింగ్‌కు వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. సభ్యులు సూపరింటెండెంట్‌ను పిల్లల చదువు గురించి అడుగుతున్నారా, లేక గంటంతా ఒకరినొకరు తిట్టుకుంటున్నారా అన్నది నలభై నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీరు ఇంకా హెచ్1బీ మీద ఉన్నామన్నారు. పౌరసత్వం లేకుండా బోర్డుకు పోటీ చేయలేరు, ఓటు వేయలేరు. పన్ను మాత్రం పూర్తిగా కట్టాలి. ఈ బాధ నాకు తెలుసు, నేను పద్నాలుగేళ్లు అలాగే ఉన్నాను. కానీ మీటింగ్‌లో మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. గ్రీన్ కార్డు కూడా రాకముందే నేను బడ్జెట్ విచారణకు వెళ్లి మూడు నిమిషాలు మాట్లాడాను. చిన్న ఊళ్లో హాలంతా కలిపి పాతిక మంది ఉంటారు, కాబట్టి ఆ మూడు నిమిషాలు ఎవరూ మర్చిపోరు.

చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష అని ఒక ఫారం ఇస్తారు. పాపను ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు సరిగా రాని పిల్లల క్లాసులో) వేస్తారేమోనని మనవాళ్లు చాలామంది ఇంగ్లీషు అని రాసేస్తారు. దయచేసి అలా రాయకండి. తెలుగు అని రాస్తే జరిగేది ఇంగ్లీషు సాయం అవసరమా కాదా అని చూడటమే. పాప ఇంగ్లీషు బాగుంటే అక్కడితో అయిపోతుంది. ఆ లెక్కకు ఇంకో విలువ ఉంది. ఇంగ్లీషు సాయం అవసరమైన, ఒకే భాష మాట్లాడే పిల్లలు డిస్ట్రిక్ట్‌లో 20 మంది ఉంటే ఆ భాషలో ద్విభాషా కార్యక్రమం పెట్టాలి, లేదా ఎందుకు పెట్టలేకపోతున్నారో రాష్ట్రానికి చెప్పి అనుమతి తీసుకోవాలి. మనం ఇంగ్లీషు అని రాస్తూ పోతే మన పిల్లలు ఆ లెక్కలోకే రారు.

ఇల్లు కొనాలా వద్దా అంటే నా సమాధానం ఇది. సూపరింటెండెంట్ కనీసం మూడేళ్లుగా ఉండి, గ్రోత్ 50 చుట్టూనో పైనో ఉండి, పిల్లల సంఖ్య మరీ జారిపోకుండా ఉంటే ఆ 6ను చూసి వెనక్కి తగ్గకండి. పాపను ఒక రోజు ఆ బడికి తీసుకెళ్లండి. చాలాచోట్ల అడిగితే చూపిస్తారు.

బాబు విషయంలో మాత్రం ఇల్లు తేలేదాకా ఆగకండి. మూడేళ్లు నిండాక బాధ్యత మీరు ఇప్పుడు ఉన్న డిస్ట్రిక్ట్‌దే, అద్దె ఇంట్లో ఉన్నా సరే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విభాగం చూసే స్పెషల్ సర్వీసెస్ డైరెక్టర్‌కు ఉత్తరం రాయండి: మా అబ్బాయి వయసు ఇంత, మాటలు రాలేదు, చైల్డ్ స్టడీ టీమ్ పరీక్షలు చేయాలని కోరుతున్నాం. చైల్డ్ స్టడీ టీమ్ అంటే పిల్లవాణ్ని పరీక్షించి ఏ సాయం కావాలో తేల్చే డిస్ట్రిక్ట్ నిపుణుల బృందం. తేదీ వేయండి, కాపీ ఉంచుకోండి. ఉత్తరం అందిన 20 రోజుల్లో వాళ్లు మీతో మీటింగ్ పెట్టాలి. బడి సెలవులు ఆ 20లో లెక్కకు రావు, వేసవి సెలవులు మాత్రం లెక్కలోకి వస్తాయి. పరీక్షలకు మీరు సంతకం పెట్టాక 90 రోజుల్లో పరీక్షలు పూర్తి చేసి, అర్హత తేల్చి, అర్హత ఉంటే ఐఈపీ (పిల్లవాడికి ఏ సేవలు ఇవ్వాలో రాసిన వ్యక్తిగత ప్రణాళిక) అమలు మొదలుపెట్టాలి. ఇంట్లో తెలుగు మాట్లాడతామని, పరీక్ష తెలుగులో కూడా జరగాలని ఉత్తరంలోనే రాయండి. అది మీ హక్కు. రెండు భాషల వల్ల మాట ఆలస్యమవుతుందని ఎవరైనా అంటే నమ్మి ఇంట్లో తెలుగు ఆపేయకండి. తర్వాత మీరు ఇల్లు మారితే కొత్త డిస్ట్రిక్ట్ ఆ ఐఈపీకి సమానమైన సేవలు వెంటనే ఇవ్వాలి. ఖాళీ చేతులతో చిన్న ఊరికి వెళ్లి అక్కడ మొదటి నుంచి మొదలుపెట్టడం కంటే, ఐఈపీ చేతిలో పట్టుకుని వెళ్లడం వాడికి ఎన్నో నెలలు ఆదా చేస్తుంది. ఉత్తరం ఈ వారమే పంపండి. కావాలంటే డ్రాఫ్ట్ ఇక్కడ పెట్టండి, చదివి చెప్తాను.